నోట్స్ మళ్లీ ఆవిడకేనా?

మీటింగ్ మొదలవగానే "నోట్స్ ఎవరు రాస్తారు?" అంటారు. రెండు క్షణాలు ఎవరూ నోరు విప్పరు. తర్వాత చూపులన్నీ గదిలో ఉన్న ఆడమనిషి వైపు తిరుగుతాయి. "మీరైతే నీటుగా రాస్తారు కదండీ!" ఇక గంటసేపు ఆవిడ వంచిన తల ఎత్తకుండా ఎవరేమన్నారో రాసుకోవాలి. చెప్పాలనుకున్న మాట నోటిదాకా వచ్చేసరికి చర్చ ఇంకెక్కడికో వెళ్లిపోతుంది. ఆ నోట్స్ సాపు చేసి అందరికీ పంపడానికి మరో అరగంట. అప్రైజల్ ఫారంలో ఈ పనికి ఒక్క గడి ఉండదు. పైగా "చర్చల్లో చొరవ తక్కువ" అని రాస్తారు. ఎంత అన్యాయం!

ఆడవాళ్లకు ఇలాంటి పనులంటే ఇష్టమట. అదేం కాదు. 2017లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూ అనే పరిశోధన పత్రికలో వచ్చిన ప్రయోగం చూడండి. ముగ్గురిలో ఒకరు 2 నిమిషాల్లోపు బటన్ నొక్కాలి. నొక్కినవాళ్లకు 1.25 డాలర్లు, మిగతా ఇద్దరికీ తలా 2 డాలర్లు. ఆడా మగా కలిసిన చోట ఆడవాళ్లు మగవాళ్లకన్నా 48 శాతం ఎక్కువగా నొక్కారు. అందరూ మగవాళ్లే ఉన్నచోట? అందరూ ఆడవాళ్లే ఉన్నచోట ఆడవాళ్లు ఎంత నొక్కారో వాళ్లూ అంతే నొక్కారు. అంటే మగవాళ్లు ఊరుకునేది చేతకాక కాదు, ఆవిడ చేస్తుందిలే అన్న ధీమా.

"ఎవరు రాస్తారు?" అని అడగడంలోనే ఉంది తప్పంతా. అడగొద్దు. వంతులు వెయ్యండి: అక్షరక్రమంలో పేర్లు, మేనేజర్ పేరుతో సహా, మీటింగ్ ఆహ్వానంలోనే. ఆ రోజు రాలేనివాళ్లు తమ బదులు మనిషిని తామే చూసుకోవాలి. "నా రాత బాగోదండీ" అన్నవాళ్లకూ వంతు తప్పదు. టైపు చెయ్యడానికి చేతిరాతతో పనేముంది?