బట్టీ పక్కన హర్యానా

మూడో తరగతి చదివే మా మనవరాలి బడి నుంచి ఆ మధ్య ఫోనుకు ఒక సందేశం వచ్చింది. "పరస్పర సాంస్కృతిక అవగాహన దినోత్సవానికి మీ చిన్నారి హర్యానా రైతు వేషంలో రావలెను. పాగా, ధోవతి తప్పనిసరి. థర్మోకోల్ హుక్కా బడివారే సమకూర్చెదరు." ఎనిమిదేళ్ల పిల్లకు హుక్కా ఏమిటని అడిగిన తల్లిగాని తండ్రిగాని లేరు. గ్రూపులో వరుసగా బొటనవేళ్లు లేచాయి. నేనూ ఒక వేలు లేపి, పాగా అద్దెకు తేవడానికి బజారుకు బయలుదేరాను.

హర్యానాయే ఎందుకని సందేహపడేవారికి మనవి. 2015 అక్టోబరు 31న, సర్దార్ పటేల్ జయంతి నాడు ప్రధాని ప్రకటించిన 'ఏక్ భారత్ శ్రేష్ఠ భారత్' కింద రాష్ట్రాలకు జంటలు కుదిర్చారు. ఆంధ్రప్రదేశ్‌కు పంజాబ్‌తోనూ, తెలంగాణకు హర్యానాతోనూ ముడి పడింది. జాతకాలు ఎవరు చూశారో గాని గణాలు కలిశాయనే నమ్ముదాం. మాది పెద్దపల్లి జిల్లా. ఇక్కడి నుంచి హర్యానా వెయ్యి కిలోమీటర్ల పైమాటే. సంస్కృతి అన్నాక ఆ మాత్రం దూరం ఉండాలి. మరీ దగ్గరికొచ్చిన పరాయి రాష్ట్రంవాణ్ని సంస్కృతి అనరు, లేబర్ అంటారు.

దగ్గరికొచ్చినవాళ్లు మాకు కొందరున్నారు. బడి ప్రహరీ దాటితే ఇటుక బట్టీ. అందులో పనిచేసేవాళ్లు పడమటి ఒడిశా నుంచి, బలంగీర్, నువాపడా వంటి జిల్లాల నుంచి వస్తారు. వినాయక చవితి మర్నాడు వాళ్లకు నువాఖాయి, అంటే కొత్త బియ్యం తినే పండుగ. ఆ పండుగ ఖర్చుల వేళకే చేతిలో అడ్వాన్సు పెట్టి, తర్వాత రైలెక్కించి తెచ్చే ముఠా మేస్త్రీని వాళ్లు 'సర్దార్' అంటారు. ఒక సర్దార్ పుట్టినరోజున ప్రకటించిన పథకం ప్రహరీకి ఇవతల, మరొక సర్దార్ తోలుకొచ్చిన పిల్లలు అవతల. జాతీయ సమైక్యతకు ఇంతకంటే నిదర్శనం కావాలనేవాడు దేశద్రోహి.

దినోత్సవం ఘనంగా జరిగింది. వేదిక మీద నలభైమంది హర్యానా రైతులు బారులు తీరారు. వారిలో ఇద్దరికి పాగాలు కళ్ల మీదికి జారడంతో సాంస్కృతిక అవగాహన కొంతసేపు చీకట్లో సాగింది. ఒక బుడతడు థర్మోకోల్ హుక్కా గొట్టం కొరికి మింగబోతే టీచరమ్మ నోట్లో వేలుపెట్టి ముక్క లాగవలసి వచ్చింది. దాన్ని కుస్తీ ప్రదర్శన అనుకుని ముందు వరుస చప్పట్లు కొట్టింది. ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దమనిషికి ఆ బట్టీలో వాటా ఉన్నదని ఊరంతా ఎరుగును. ఆయన "పొరుగువారి భాషను గౌరవించడం మన రక్తంలోనే ఉన్నది" అని తెలుగులో ఆరంభించి, ఇంగ్లీషులో నడిపి, "రామ్ రామ్" అని ముగించాడు. మిఠాయి దుకాణంలో చేయించిన చూర్మా పంచారు. హర్యానావాళ్లు దాన్ని చూస్తే గుర్తుపట్టరు గాని, అతిథి మర్యాదకు తినేవారు.

మధ్యాహ్నం సమాజ సేవ. అంటే వేషాలు విప్పకుండానే పిల్లలను వరుసకట్టించి, ప్రహరీ చుట్టూ తిప్పి, బట్టీకి తీసుకువెళ్లడం. తలా ఒక బిస్కెట్ ప్యాకెట్ చేతికిచ్చారు. ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ప్యాకెట్‌ను చెరోపక్క పట్టుకుని ఫొటో వచ్చేదాకా వదలకూడదని నిబంధన. మొదటి ఫొటోలో బట్టీ పిల్లవాడు నవ్వలేదని రెండోసారి తీశారు. రెండోసారి వెలుతురు చాలలేదట. మూడోసారికి ప్యాకెట్ చిరిగి బిస్కెట్లు బూడిదలో పడ్డాయి, వాడు నవ్వాడు. ఆ ఫొటోయే ఇప్పుడు బడి వరండాలో వేలాడుతోంది.

ఆ పిల్లలు అక్కడ చేసే పని నేను చూశాను. అచ్చు నుంచి తీసిన పచ్చి ఇటుకను ఎండ సమంగా తగలడానికి తిరగేయాలి. పెద్దవాళ్లు వరుసల మధ్య నడిస్తే తడి ఇటుక కుంగుతుంది, పిల్లల బరువుకు కుంగదు. కాబట్టి ఆ పని పిల్లలది. కూలి వెయ్యి ఇటుకలకు ఇంత అని కుటుంబం లెక్కన కడతారు గనుక ఏ చిట్టాలోనూ పిల్ల పేరుండదు. ఈ వలస నవంబరు, డిసెంబరు నుంచి వానలు పడేదాకా. అక్కడి బడి సగంలో పోతుంది, ఇక్కడి బడిలో చేర్చుకోమంటే టీసీ ఏదంటారు, ఆధార్ ఏదంటారు, చివరికి "భాష రాదు కదండీ" అంటారు. టీసీ ఆలస్యమైందని గాని, వయసు కాగితం లేదని గాని పిల్లను కాదనకూడదని, వయసుకు తగ్గ తరగతిలో కూర్చోబెట్టి వెనకబడ్డ పాఠాలు ప్రత్యేకంగా చెప్పాలని 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం చెబుతోంది. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పించే ఏర్పాటు చూడమని రాజ్యాంగం 350ఎ అధికరణంలో ఏనాడో రాసుకున్నాం. చేతకాని పని కూడా కాదు. ఒడియా వాచకాలు తెప్పించి, ఒడియా చెప్పేవాళ్లను పెట్టి బట్టీల దగ్గరే బడులు నడిపిన అనుభవం ఈ రాష్ట్రానికే ఉంది. ఎక్కడో ఉన్న హర్యానా మాటలు నెల రోజులు బట్టీ పట్టించడానికి తీరిక దొరికినవాళ్లకు, పక్కనున్న బట్టీలో పిల్లకు పలక ఇవ్వడానికి భాష అడ్డొచ్చిందా? సిగ్గులేని సాకు! ఈ ఊళ్లో రెండంతస్తులు లేపిన ప్రతివాడి గోడలోనూ, మా ఇంటి గోడలోనూ, ఆ పిల్లల వేళ్ల ముద్రలున్నాయి.

క్షమించాలి, సాంస్కృతిక విషయం నుంచి పక్కకు పోయాను.

2018లో భాషా సంగమం పేరిట 22 భాషల్లో అయిదేసి వాక్యాలు బడిపిల్లల చేత పలికించే కార్యక్రమం ఒకటి వచ్చింది. ఆ వాక్యాలు రాసిన అట్ట మా బడి గోడకు ఇప్పటికీ ఉంది. మా మనవరాలు అందులో ఒడియా వరుస కంఠస్థం చేసింది. పాగా సవరించుకుని, తన ఈడే ఉన్న ఒక అమ్మాయి ముందు నిలబడి "తుమొ నామొ కొణొ?" అని అడిగింది. ఆ పిల్ల కాసేపు ఎగాదిగా చూసి, "నాకు తెలుగొస్తది" అన్నది.

మూడేళ్లుగా ఈ బట్టీకే వస్తున్నదట. ఇంట్లో సంబల్‌పురి, ఊరి బడిలో నేర్చిన కాస్త ఒడియా, లారీవాళ్లతో హిందీ, మనతో తెలుగు. ఆనాడు అక్కడ చేరినవాళ్లలో పరస్పర సాంస్కృతిక అవగాహన గలది బహుశా ఆమె ఒక్కతే, ప్రశంసాపత్రం మాత్రం ఆమెకు ఇవ్వలేదు. "ఏమేం వచ్చు, చెప్పు" అని నా మనవరాలు పరీక్ష పెట్టింది. ఆ పిల్ల వేళ్లు మడుస్తూ అప్పజెప్పింది: "జల్ది చెయ్. లెక్క తక్కువుంది. ఎవతే కూసున్నది? రేపిస్తా పో."

తెలుగు సంస్కృతి నుంచి మూడేళ్లలో ఆమెకు అందినది అది. పక్కనే ఆమె తల్లి సత్తుగిన్నెలో నీళ్లన్నం కలుపుతోంది; వాళ్లు పఖాళ అంటారు, మనం సద్ది అంటాం. మా హర్యానా రైతు దాని వంక చూసి, "తాతా, మన ఇంట్లోది" అన్నది. ఈలోగా బస్సు హారన్ మోగింది. మావాళ్లు బస్సెక్కేసరికి పాగా ఆ అమ్మాయి తల మీద ఉంది, టీచరమ్మ పరుగెత్తుకు వెళ్లి తెచ్చింది.

మర్నాడు అద్దె దుకాణంవాడు పాగా తిరగేసి చూసి, అంచుకు ఎర్రమట్టి అంటిందని అరవై రూపాయలు పట్టుకున్నాడు. రసీదు అడిగితే రాసిచ్చాడు: "హర్యానా ఒకటి. మట్టి."