నాన్నగారి నంబరు ఇవ్వమ్మా

పోలీసు స్టేషనుకి వెళ్లే ఆడపిల్లలకి నాదో మనవి. ఆధార్ కార్డు మర్చిపోయినా ఫర్వాలేదు, నాన్నగారి ఫోన్ నంబరు మాత్రం నోటికి రావాలి. వయసు ఇరవై ఏడైనా, బెంగళూరు మారతహళ్లిలో సొంత జీతంతో అద్దె కట్టుకుంటున్నా మినహాయింపేమీ లేదు.

మా పిన్ని కూతురికి డేటింగ్ యాప్‌లో ఒకడు పరిచయమయ్యాడు. మన తెలుగువాడే, మూడు పూటలా "తిన్నావా" అని అడిగేంత మర్యాదస్తుడు. రెండుసార్లు కోరమంగళలో కాఫీ తాగారు. మూడోవారం, వీడియో కాల్‌లో తనకి తెలియకుండా తీసిన స్క్రీన్‌షాట్లు పంపి నలభై వేలు అడిగాడు. ఇవ్వకపోతే మీ నాన్నకి పంపిస్తానన్నాడు. పిల్ల భయపడి పదిహేను వేలు యూపీఐలో కొట్టేసింది. ఆ తర్వాతే నాతో చెప్పింది, అదీ లిఫ్టులో, గోడకేసి చూస్తూ.

స్టేషనుకి తీసుకెళ్లాను. ఫిర్యాదులు రాసుకునే రైటర్ గారిది చింతామణి వైపట, తెలుగు బాగా వచ్చు. అదృష్టం అనుకున్నాం.

"ఎక్కడ పరిచయమమ్మా?"

"యాప్‌లో సార్."

"అది సరే. స్థలం?"

మా చెల్లెలు ఆలోచించి "మా పీజీలో, మంచం మీద పడుకుని ఫోన్ చూస్తుండగా" అంది. నిజమే చెప్పింది. రైటర్ గారు పెన్ను కింద పెట్టేశారు.

తర్వాత ఫోన్ తీసుకుని చాట్ చదవడం మొదలుపెట్టారు. మనసులో కాదు, పైకి. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు కదా, కూడబలుక్కుని చదవాలి. "తి... న్నా... వా. బం... గా... రం." పక్క బెంచీలో, బస్సులో పర్సు పోయిందని వచ్చిన ఒక పెద్దాయన ముందుకి జరిగారు. కాసేపటికి ఆయన కళ్లజోడు కూడా పెట్టుకున్నారు. "గుడ్‌నైట్ కన్నా" దగ్గర రైటర్ గారు ఆగి, "ఈ కన్నా ఎవరు?" అని అడిగారు. "నేనే సార్" అంది చెల్లెలు. పెద్దాయన "ముద్దుపేరై ఉంటుంది" అని వివరించారు. ఆయన పర్సు సంగతి అప్పటికి అందరం మర్చిపోయాం, ఆయనతో సహా. ఒక హెడ్ కానిస్టేబుల్ టీ గ్లాసుతో వచ్చి డీపీ చూసి, "ఇట్లాంటి ఫోటో ఎందుకు పెట్టుకున్నావమ్మా" అన్నారు. అది అక్క పెళ్లిలో పట్టుచీరతో దిగిన ఫోటో. పెద్దాయన కూడా చూసి, చీర బాగుందన్నారు. "అబ్బాయిది ఏ ఊరమ్మా?" అనీ అడిగారు. కుదిరేట్టయితే మాట్లాడదామనుకున్నారో ఏమో.

నలభై నిమిషాలయ్యాక రైటర్ గారు ఫోన్ తిరిగిచ్చి, ఎంతో ఆప్యాయంగా, "నాన్నగారి నంబరు ఇవ్వమ్మా, ఓ మాట చెబుతాను" అన్నారు.

అయ్యా, వాడు నలభై వేలు అడిగింది ఆ పని చెయ్యకుండా ఉండటానికే. మీరు ఉచితంగా చేసిపెడతామంటున్నారు! వాడికి పెట్టుబడి ఏముంది? ఒక ఫోన్, ఒక దొంగ పేరు. మిగతా సరుకంతా మనదే. 'ఇంట్లో తెలుసా', 'యాప్‌లో ఎందుకున్నావు', 'నువ్వెందుకు వెళ్లావు' అని మనం అడుగుతామన్న నమ్మకం మీదే వాడు బతుకుతున్నాడు. ఇదే మనిషి పెళ్లిచూపులకి వచ్చి, కాఫీ తాగి, కట్నం మింగి పోయి ఉంటే, "పెళ్లిచూపులకి ఎందుకు కూర్చున్నావమ్మా" అని అడుగుతారా? ఆ పిల్ల చేతులు వణుకుతున్నాయి. రెండు రాత్రులు నిద్రపోలేదు. ఆ పిల్లని చూసి నవ్వడానికి మీకు నోరెలా వచ్చింది?

సరే, చట్టం సంగతి. ఇలా బెదిరించి డబ్బు గుంజడం భారతీయ న్యాయ సంహిత 308వ సెక్షన్ కింద నేరం, ఏడేళ్ల దాకా జైలు. ఇలాంటి నేరానికి ఎఫ్‌ఐఆర్ రాసి తీరాలని సుప్రీంకోర్టు 2013లో లలితా కుమారి కేసులోనే చెప్పింది. మా పరిధి కాదు అనడానికీ లేదు, ఏ స్టేషన్లోనైనా తీసుకోవాలి. 2024 జులై నుంచి అమల్లో ఉన్న కొత్త నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173వ సెక్షన్‌లో ఆ మాట రాసే ఉంది. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితం. రాయకపోతే పై అధికారికి రాతపూర్వకంగా పంపొచ్చు. నాన్నగారి నంబరు గురించి ఆ సెక్షన్‌లో ఎక్కడా లేదు, రెండుసార్లు చదివాను. డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి. మేం ఆలస్యంగా చేశాం. అక్కడ ఫోనెత్తినవాళ్లు బ్యాంకు, టైము, ట్రాన్సాక్షన్ నంబరు అడిగారు. కన్నా ఎవరని అడగలేదు.

మగవాళ్లకి ఈ బాధ లేదనుకోకండి. మా ఆఫీసులో ఒకతన్ని యాప్ అమ్మాయి తనే చెప్పిన పబ్బుకి రమ్మంది. నాలుగు గ్లాసులు తెప్పించి, బాత్రూమ్‌కని లేచి, మళ్లీ రాలేదు. బిల్లు పద్దెనిమిది వేలు, తలుపు దగ్గర ఇద్దరు బౌన్సర్లు. ఆ డబ్బు ఫోన్ రిపేరుకి అయిందని ఇంట్లో చెప్పాడు. స్టేషనుకి వెళ్లమంటే, "మగాడివై ఉండి అంటారండీ" అన్నాడు. అంటారు కూడా.

మూడోసారి వెళ్లినప్పుడు, పై అధికారి డీసీపీ ఆఫీసుకి పంపిన ఉత్తరం రసీదు టేబుల్ మీద పెట్టాక, ఎఫ్‌ఐఆర్ రాశారు. అందులో తండ్రి లేదా భర్త పేరుకి ఒక గడి ఉంది. చెల్లెలు బాబాయి పేరు ఇంటిపేరుతో సహా చెప్పింది. ఫోన్ నంబరు దగ్గరకొచ్చేసరికి రైటర్ గారు ఆగి తలెత్తారు. చెల్లెలు తన నంబరే చెప్పింది, ఒక్కో అంకే విడదీసి, ఆయన చాట్ చదివినంత నిదానంగా.