లెన్స్ సంగతి సరే, ఫోటో చూశారా?

నిన్న ఆదివారం ఉదయం ఆబిడ్స్‌లో ఒక ఇరానీ హోటల్లో కూర్చొని, రెండు చాయ్‌లూ ఒక ప్లేటు ఉస్మానియా బిస్కెట్లూ అయిపోయేలోగా నా నలభై పెళ్లి ఫోటోలను చూసేసి, అందులో ఒక్క ఫోటో గురించైనా ఒక్క మాట చెప్పకుండా లేచి వెళ్లిపోయిన నా ఫోటోగ్రఫీ మిత్రబృందానికి ముందుగా నమస్కారాలు. ఇంటికి వచ్చి భోజనం చేశాను, పడుకున్నాను, లేచాను, కోపం మాత్రం తగ్గలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

సంగతేమిటంటే, మా మేనత్త మనవరాలి పెళ్లి కిందటి వారం నాగోలు దగ్గర ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. పన్నెండేళ్లు నన్ను భరించిన పాత కెమెరాకు విశ్రాంతి ఇచ్చి, నాలుగేళ్ల బోనసు డబ్బు కూడబెట్టి, కోఠి గుజరాతీ గల్లీలో దుకాణం దుకాణం తిరిగి బేరమాడి కొన్న కొత్త ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ (పెద్ద సెన్సరు ఉండి, లోపల అద్దం లేని) కెమెరాతో నేను తీసిన మొదటి పెళ్లి ఇది. కంపెనీ పేరు చెప్పను. చెప్పిన మరుక్షణం చర్చ అంతా అక్కడికే పోతుందని నిన్ననే అనుభవమైంది. డబ్బిచ్చి మాట్లాడుకున్న ఫోటోగ్రాఫర్లు వేరే ఉన్నారు, వారిలో ఒకరు గింబల్ (కెమెరా కుదుపులు లేకుండా పట్టుకునే పరికరం) పట్టుకొని పెళ్లి మొత్తం బంధువులకు తన వీపునే చూపించారు, ఆ పురాణం ఇప్పుడొద్దు. నేను ఇంటివాడిగా ఓ పక్కన నిలబడి తీసుకున్నవాణ్ణి. మొత్తం 2,300 ఫోటోలు. మూడు రాత్రులు మేలుకొని వాటిలో నలభై ఏరి, ట్యాబ్లెట్‌లో వేసుకొని, పదో తరగతి ఫలితాల రోజు పిల్లవాడిలా వెళ్లాను.

మొదటిది జీలకర్ర బెల్లం ఫోటో. రాత్రి 10 గంటల 48 నిమిషాలకు సుముహూర్తం. గట్టిమేళం మొదలైంది, అడ్డుతెర దిగింది, ఒకరి తల మీద ఒకరు చేయి పెట్టారు. ఆ ఒక్క క్షణం కోసమే నేను గంటన్నర అదే చోట నిలబడ్డాను. అప్పుడు జరిగిన పొరపాటు నాదే, దాచుకోను. పెళ్లికూతురు తల దించుకొని ఉంది, పెళ్లికొడుకు చేయి ఆమె ముఖానికి సగం అడ్డం వచ్చింది. మనిషి కళ్లను వెతికి పట్టుకునే ఆ కొత్త ఫోకస్, తనకు స్పష్టంగా దొరికిన కళ్లను పట్టుకుంది. అవి వెనక కూర్చున్న పురోహితుడి కళ్లు. ఎఫ్ 1.8లో, అంటే లెన్స్ కన్ను బాగా తెరిచి, తీశాను కాబట్టి బెత్తెడు మేర తప్ప మిగతాదంతా మసకే. ఫోటోలో పురోహితుడి కనుబొమల్లో వెంట్రుకలు లెక్కపెట్టవచ్చు, విభూతి రేఖలు చెక్కినట్టున్నాయి, పెళ్లికూతురు మాత్రం మంచులో నిలబడ్డట్టుంది. ఈ తప్పును ఎవరైనా పట్టుకుంటారా, ఇలాంటప్పుడు తామేం చేస్తారో చెబుతారా అని తెలుసుకోవడానికే దాన్ని మొదట పెట్టాను.

మొదటి మిత్రుడు చూసి, "అన్నా, బోకే మస్తొచ్చింది, ఏం లెన్స్?" అన్నారు. ఆయన మెచ్చుకున్న ఆ అందమైన మసకలో ఉన్నది పెళ్లికూతురు.

రెండో ఆయన ఐఎస్‌ఓ, అంటే చీకట్లో వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలన్న అంకె, ఎంత పెట్టానని అడిగారు. 6400 అన్నాను. వెంటనే రెండు వేళ్లతో ఫోటోను లాగి, లాగి, అమ్మాయి ముక్కుపుడక తెర నిండేదాకా లాగి, "చూడు, నాయిస్ కొడుతుంది" అన్నారు. అంత దగ్గరికి వెళ్లినా ఆ ముక్కుపుడక మసకగా ఉందన్న సంగతి ఆయనకు కనిపించలేదు, దాని మీది చుక్కలు మాత్రం కనిపించాయి. మూడో ఆయన కెమెరా ఎంత పడిందని అడిగారు. నాలుగో ఆయన తానైతే ఆ ధరకు ఇంకో కంపెనీది కొనేవాడినన్నారు. అక్కడి నుంచి ఇరవై నిమిషాలు ఆ రెండు కంపెనీల మధ్య పానిపట్టు యుద్ధం జరిగింది, నా ట్యాబ్లెట్ తెర దానంతట అదే ఆరిపోయింది, మళ్లీ వెలిగించమని ఎవరూ అడగలేదు. నేనే వెలిగించాను.

ఇంకో ఫోటో సంగతి చెప్పాలి. మంత్రాలకు భంగం కలగకూడదనే మహా సంస్కారంతో నేను శబ్దం రాని ఎలక్ట్రానిక్ షట్టర్ వాడాను. పక్కన రెండు నాదస్వరాలు, రెండు డోళ్లు, నాలుగు స్పీకర్లు మోగుతుంటే నా షట్టర్ టిక్కుమంటే ఎవరికి వినిపిస్తుందన్న ఇంగితం అప్పుడు కలగలేదు. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది, దాని మీద వెలిగే నాసిరకం దీపాలు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతాయి. ఎలక్ట్రానిక్ షట్టర్ సెన్సరును వరుసవారీగా చదువుతుంది కాబట్టి, సెకనులో 250వ వంతు వేగంతో తీసిన నా కన్యాదానం ఫోటోల మీద అడ్డంగా నల్లటి చారలు పడ్డాయి. మామూలు షట్టర్ పెట్టినా, వేగాన్ని సెకనులో 100వ వంతుకు దించినా చాలావరకు పోయేవి. ఇంటికొచ్చాక నాకు తెలిసిన ఈ సంగతి, ఇరవై పెళ్లిళ్లు తీశామని చెప్పుకునేవాళ్లు ఒక్క మాటలో చెప్పవచ్చు. చెప్పారా? "ఇది కొత్త ప్రీసెట్టా? డిఫరెంటుగుంది" అన్నారు, అంటే ఆ చారలు కంప్యూటర్‌లో ఒక్క నొక్కుతో వేసే రెడీమేడ్ రంగుల మార్పు అనుకున్నారు.

ఈ ఊళ్లోనే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో రాజా దీన్ దయాళ్ ఫోటోలు తీశారు, 1905లో కన్నుమూశారు, ఆయన గాజు పలకల మీద పట్టుకున్న మనుషుల ముఖాలను మనం ఇప్పటికీ నోరు తెరుచుకొని చూస్తున్నాం. మా బృందం ఆ రోజుల్లో ఉండి ఉంటే, "రాజాసాబ్, పలకలు డజను ఎంత పడ్డాయి, మద్రాసులో ఇంకా సస్తా గదా" అని అడిగి పంపేసేవారు.

నిజానికి నా మంట నిన్నటిది మాత్రమే కాదు. ఆ బోకే మిత్రుడే మూడేళ్ల క్రితం తన తమ్ముడి పెళ్లి ఫోటోలు నా ముందు పెట్టి, "మొహమాటం వద్దన్నా, ఓపెన్‌గా చెప్పు" అన్నారు. బుద్ధి లేక చెప్పాను. తలంబ్రాల ఫోటోలో వధువు ముఖం ఉంది, వరుడి ముఖం ఉంది, పోసే దోసిళ్లు మాత్రం ఫ్రేము అవతల తెగిపోయాయి, దోసిలి లేని తలంబ్రాలు ఎలాగండీ అన్నాను. అంతే, ఐదు నెలలు మాటల్లేవు. గృహప్రవేశానికి పిలుపు రాలేదు. అంతకుముందు తీసుకువెళ్లిన నా 50 ఎంఎం లెన్స్ ఎవరిచేతో తిరిగి వచ్చింది, లోపలి అద్దం మీద సాలెగూడులాంటి ఫంగస్‌తో సహా. ఆ తర్వాత నేను కూడా మారిపోయాను. నిన్న నా వంతు రాకముందు ఆయన చార్మినార్ ఫోటో ఒకటి చూపించారు, నాలుగు మినార్లలో ఒకదాని తల ఎగిరిపోయి ఉంది, నేను "సూపర్" అన్నాను. ఇచ్చింది సూపర్, తిరిగి వచ్చింది సూపర్, లెక్క సరిపోయిందని ఆయన అనుకొని ఉండవచ్చు.

ఇంతకీ నాకు దొరికిన అసలు విమర్శ మా మేనత్త నుంచి. ఆవిడకు డెబ్బై ఆరేళ్లు, కెమెరా ఏ పక్క నుంచి చూడాలో కూడా తెలియదు. నిన్న సాయంత్రం ట్యాబ్లెట్ తీసుకువెళ్లి పెడితే, తలంబ్రాల ఫోటో దగ్గర ఆగి, కళ్లజోడు తీసి తుడుచుకొని మళ్లీ చూసి, "ఇదేందిరా, పసుపు బియ్యం గింత ఎర్రగున్నయి? కుంకుమల గలిపిండ్రా?" అన్నది.

నాకు ఒళ్లు ఝల్లుమంది. ఆ సమయానికి వేదిక వాళ్లు పొగ వదిలి ఊదారంగు ఎల్‌ఈడీ దీపాలు వేశారు. ఆ వెలుతురులో నీలం, ఎరుపు తప్ప ఆకుపచ్చ దాదాపు ఉండదు. పసుపు నీలాన్ని మింగేసి, మిగిలిన ఎరుపునే తిరిగి పంపుతుంది. అసలు అక్కడ లేని ఆకుపచ్చను కంప్యూటర్‌లో ఎంత వైట్ బ్యాలెన్స్ (వెలుతురు రంగును సరిదిద్దే అమరిక) మార్చినా రప్పించలేము. నలుగురు ఫోటోగ్రాఫర్లు కంపెనీల గురించి కొట్టుకుంటూ దాటేసిన ఫోటో అది. పసుపు కొమ్ములు దంచిన చేతికి అందులో పసుపు లేదని ఒక్క చూపులో తెలిసిపోయింది.

వేరే దారి లేదు, దీన్ని బ్లాక్ అండ్ వైట్ చేసి ఇస్తానత్తయ్యా, బాగుంటుంది అన్నాను. "పెండ్లి ఫోటో నలుపు తెలుపుల ఇస్తవా? ఎవరు పోయిన్రని?" అన్నది.

తర్వాత నలభై ఫోటోలూ చివరిదాకా చూసి, పెళ్లికూతుర్ని చేసిన రోజు పొద్దున వాకిట్లో ఎండలో తీసినవి ఏవని అడిగింది. నలుగు పెట్టేటప్పుడు పిల్ల కళ్లు మూసుకొని నవ్విన ఫోటోలవి. వెనక ఎర్రటి ప్లాస్టిక్ బకెట్ వచ్చిందని, చూసినవాళ్లు ఏమంటారోనని, నేనే వాటిని నలభైలోంచి తీసేశాను. ఆ మాటే చెప్పాను. బకెట్ తనదేనట, ఉండనీయమంది. అందులో రెండు పెద్దవి కడిగించి తెమ్మని, ఒకటి పటం కట్టించమని డబ్బులు కూడా చేతిలో పెట్టింది.