మహారాజశ్రీ డీబీ పెట్టె గారికి

ఇంటికొచ్చిన కరెంటును గదిగదికీ పంచే మహారాజశ్రీ డిస్ట్రిబ్యూషన్ బోర్డు (డీబీ) గారి దివ్య సముఖమునకు, గుంటూరులో ఒక పాత ఇంటి కోడలు వ్రాసుకొను విన్నపములు. ఉభయకుశలోపరి. అంటే తమరు కుశలం. మా హాలు గోడ మాత్రం కాదు.

నిన్న మధ్యాహ్నం, కాకి కూడా నీడ వదిలి రాని వేళ, తమరు 'టక్' మన్నారు. ఇల్లంతా ఆగిపోయింది. లివరు పైకెత్తాం. టక్. ఓపిక పట్టి మళ్లీ ఎత్తాం. టక్. 28 వేలు పోసి గోడకెక్కించుకున్న కొత్త పెట్టె వారం తిరక్కుండానే అలకపాన్పు ఎక్కితే, మేం విసనకర్ర పుచ్చుకుని మా మొహాన విసురుకోవాలా, తమరి మొహానా?

తమర్ని పిలిచింది ఒక్క ఏసీ కోసం. "పాత బోర్డు లోడు తట్టుకోదక్కా. డీబీ పెడితే రెండు వేల్లో అయిపోద్ది" అన్నాడు ఎలక్ట్రీషియన్. అబద్ధం చెప్పలేదు పాపం. పెట్టె రెండు వేలే. లోపల ఏమీ ఉండదని చెప్పలేదంతే. ఎంసీబీలు, అంటే లోడు మించితే వాటంతటవే ఆగిపోయే స్విచ్చులు, విడిగా కొనాలి. లైట్లకు 6 ఆంపియర్లది, ఏసీకి 20ది, వంటింటికి ఇంకోటి. కరెంటు ఎక్కడైనా కారితే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ మరో రెండు వేల రెండొందలు. ఏసీకి 4 ఎంఎం వైరు, పవర్ సాకెట్లకు 2.5. అదీ మనకు కావలసినంత కోసివ్వరు, 90 మీటర్ల కాయిలు మొత్తం కొనుక్కోవాలట. షాపాయన ధర చెప్పే ముందు సెల్లులో ఇవాళ్టి రాగి రేటు చూసుకున్నాడు. ఆ చూపుకే నా గుండె జారింది. గోడలో గాడి కొట్టినవాడికి ఒక కూలి, అది పూడ్చే మేస్త్రీకి ఇంకో కూలి. పెయింటరు ఇంకా రంగప్రవేశం చేయలేదు.

కరెంటు బిల్లు మీద మాకు మంజూరైన లోడు 2 కిలోవాట్లు. గీజరు ఒక్కటే అంత తాగుతుంది. అందుకని అదనపు లోడుకు దరఖాస్తు, కిలోవాటుకింతని డెవలప్‌మెంట్ ఛార్జీ, ఆపైన డిపాజిట్టు. 2025 వేసవిలో రాష్ట్రంలో ఆ ఛార్జీ సగానికి సగం తగ్గించారు. అప్పుడు మాకు ఏసీ లేదు. తగ్గింపు ఉన్ననాడు అవసరం ఉండదు, అవసరం వచ్చిననాడు తగ్గింపు ఉండదు.

తమరి చోట ఇదివరకు చెక్క బోర్డు, పింగాణీ ఫ్యూజులు ఉండేవి. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని మామయ్యగారు ఒక పోగు తీగకు బదులు మూడు పోగులు చుట్టారు. ఆ తర్వాత అది పోయిందే లేదు. ఆయన పనితనాన్ని ఇంటిల్లిపాదీ మెచ్చుకున్నాం. తీరా తమరిని బిగించడానికి విప్పితే, కరగాల్సిన ఫ్యూజు నిక్షేపంగా ఉంది, గోడలోని వైరు మీద తొడుగు మాడి నల్లబడింది. సాకెట్లకు మూడు కన్నాలున్నాయి కదా, పైనున్న పెద్ద కన్నం ఎర్తుది. దాని వెనక వైరే లేదు. ఇల్లంతా ఇంతే. ఎర్తు కోసం పెరట్లో గొయ్యి తీసి, పైపు దించి, ఉప్పూ బొగ్గూ పోసి, గదిగదికీ ఆకుపచ్చ వైరు లాగించాం. డబ్బు మట్టిలో పోయడమంటే ఏమిటో కళ్లారా చూశాను.

సరే, అవన్నీ మింగేశాను. నిన్న సాయంత్రం జరిగింది మాత్రం గొంతు దిగడం లేదు.

ఎలక్ట్రీషియన్ వచ్చాడు. తమరి మూత విప్పి, ఆర్‌సీసీబీ మీద వేలు పెట్టి, "ఇదేనక్కా పేచీ. బైపాస్ చేసేద్దాం" అన్నాడు. బైపాస్ ఏంటయ్యా అంటే, దాన్ని చూడ్డానికి అక్కడే ఉంచి, వైర్లు పక్కనుంచి కలిపేస్తాడట. "అందరిళ్లల్లో అదే చేస్తామక్కా. ఏం గాదు. మూతేస్తే ఎవరికీ తెలీదు."

ఎవరికి తెలీదు? రెండు వేల రెండొందలు ఇచ్చుకున్న నాకు తెలీదా? "ఇది లేకపోతే ప్రాణాలకే ప్రమాదమక్కా" అని వారం క్రితం దాన్ని నాచేత కొనిపించిన నోరే కదా ఇది! వాడు స్క్రూడ్రైవరు తిప్పుతుంటే నువ్వేమో మూత తెరుచుకుని, పేగులన్నీ చూపిస్తూ, గమ్మున నిలబడ్డావు. నోరుంటే అరవవూ? నీ కడుపులోని ఆ ఆర్‌సీసీబీ పనల్లా ఒక్కటే. సంతకు పంపిన డబ్బుకు పైసాతో సహా లెక్క అడిగే నాయనమ్మలా, ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్లో అంతా తిరిగొచ్చిందా అని చూసుకోవడం. తేడా 30 మిల్లీఆంపియర్లు దాటకముందే, రెప్పపాటులో సరఫరా ఆపేయడం. అలాంటి దాన్ని డమ్మీగా నిలబెట్టి పోతానంటాడా? కట్టర్ కింద పెట్టమన్నాను. ఇంట్లో ప్లగ్గులన్నీ పీకి ఒక్కొక్కటే పెట్టుకుంటూ రమ్మన్నాను. వాడికి టీ టైమైందట. టీ ఇచ్చాను. పీకించాను.

ఫ్రిజ్ పెట్టాడు, నిలబడ్డావు. టీవీ పెట్టాడు, నిలబడ్డావు. వాషింగ్ మెషీన్ ప్లగ్గు పెట్టి స్విచ్చి వేశాడో లేదో, టక్.

అత్తయ్యగారు ఎన్నాళ్లుగానో చెబుతూనే ఉన్నారు. "ఆ మిషన్ తలుపు ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోందే అమ్మాయ్" అని. తడికాళ్లతో వెళ్లకండి అన్నాం. ఆవిడ కోసం ఒక రబ్బరు చెప్పుల జత దాని పక్కనే పెట్టాం. కారే కరెంటుకు ఎర్తు దారి లేక ఇన్నాళ్లూ ఆవిడ వేళ్లు వెతుక్కుంది. ఆకుపచ్చ వైరు రాగానే అటు మళ్లింది. మళ్లీ మళ్లకముందే నువ్వు పట్టుకున్నావు.

అత్తయ్యగారు నీ వైపు చూసి, "దీనికున్న బుద్ధి మీకెవరికీ లేదు" అన్నారు. ఇంట్లో ఎవరూ నోరెత్తలేదు.

మెషీన్ లోపల హీటరు లీకవుతోందని ఇవాళ పొద్దున మెకానిక్ తేల్చాడు. కొత్తది వేయాలట, మూడు వేలు. అదీ నీ ఖర్చులోకే రాస్తున్నాను. అంతవరకు బట్టలు చేత్తోనే. ఎలక్ట్రీషియన్ సాయంత్రం మిగతా బాకీకి వస్తాడు. నీ మీద చెయ్యి వేయనివ్వను గానీ, మళ్లీ ఎప్పుడైనా 'టక్' మనాలనిపిస్తే కాస్త మధ్యాహ్నం ఎండ చల్లబడ్డాక అను.

ఇట్లు,
పెయింటరుకి ఫోన్ చేయడానికి ధైర్యం చాలని,
నీ ఇంటావిడ