గేరు రాడ్డు వదులైతే బండి నేలకి కన్నం పెట్టాలా?

స్టీరింగ్ గేరు, అంటే గేరు రాడ్డు స్టీరింగ్ పక్కనే ఉన్న పాత బండి కనిపిస్తే చాలు, "అది పీకేసి, నేలకి కన్నం పెట్టి ఫ్లోర్ గేరు పెట్టించెయ్" అని సలహా ఇచ్చేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది. ఆ బండి కింద ఒక్కసారైనా పడుకుని చూశారా?

నాది 1966 ఫోర్డ్ ఎకనోలైన్ వ్యాన్. అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో మేముండే కొలంబస్‌కి రెండు గంటల దూరంలో, లొరైన్‌లో ఈ వ్యాన్లు తయారయ్యేవి. దీనికి ముందు బానెట్ ఉండదు, ఇంజిన్ రెండు సీట్ల మధ్య పెట్టెలో ఉంటుంది. అక్కడ ఫ్లోర్ గేరుకి చోటేది?

ఉన్నవి మూడే గేర్లు. రాడ్డు మనవైపు లాగి కిందికి దించితే ఫస్ట్, పైకెత్తితే రివర్స్. వదిలేసి పైకంటే సెకండ్, కిందికంటే థర్డ్. నేను కొన్నప్పుడు న్యూట్రల్‌లో అది బెత్తెడు ఊగేది, ఏ గేరు పడుతుందో పడేదాకా తెలిసేది కాదు. ఓ రోజు సిగ్నల్ దగ్గర ఫస్ట్ నుంచి సెకండ్‌కి మారుస్తుంటే మధ్యలో పట్టేసింది. వెనక హారన్లు, పక్కన మా ఆవిడ, వెనక సీట్లో పిల్లలు... టెన్షన్‌తో చేతులు వణికిపోయాయి.

షాపుకి తీసుకెళ్తే కింద గేర్‌బాక్సుకి వెళ్లే రాడ్ల పొడవు అటూ ఇటూ మార్చి, నట్లు బిగించి, డబ్బులు తీసుకుని పంపేశారు. వారంలో మళ్లీ మొదటికొచ్చింది. రాదా మరి? స్టీరింగ్ చక్రం కింద ఉండే గొట్టాన్ని కాలమ్ అంటారు, దాని కింది చివర రెండు లీవర్లుంటాయి, ఒకటి ఫస్ట్-రివర్స్‌కి, రెండోది సెకండ్-థర్డ్‌కి. వాటి నుంచి రెండు రాడ్లు గేర్‌బాక్సుకి వెళ్తాయి. ఆ రాడ్ల కొనలు కూర్చునే చిన్న రింగుల్లాంటి బుష్‌లు అరిగితే, ఒక్కోచోట ఉన్న చిటికెడు వదులు అంతా కలిసి పైన చేతి దగ్గర బెత్తెడై కనిపిస్తుంది. ఒక లీవరు పూర్తిగా న్యూట్రల్‌కి రాకముందే రెండోది కదిలితే రెండూ ఒకదానికొకటి అడ్డం పడి గేరు బిగుసుకుపోతుంది. అరిగిన బుష్‌ని అలాగే ఉంచి ఎంత అడ్జస్ట్ చేసినా దండగే.

విజయవాడలో మా నాన్నగారి అంబాసిడర్‌కీ స్టీరింగ్ గేరే. రాడ్డు వదులైందంటే ఆయన "ముందు బుష్‌లు చూడరా" అనేవారు. అదే గుర్తొచ్చి నేనే కిందికి దూరాను. బయటికొచ్చిన పాత బుష్‌లో గుండ్రంగా ఉండాల్సిన రంధ్రం చింతగింజలా సాగిపోయింది, వేళ్లతో నలిపితే అంచు పొడిపొడిగా రాలింది. ఒక లీవరుకైతే ఇనుపరంధ్రమే అరిగిపోయింది, దాన్ని వెల్డింగ్‌తో పూడ్చి మళ్లీ డ్రిల్లు వేయించాను.

కొత్త బుష్‌లు, గ్రీజు పెట్టాకే అడ్జస్ట్‌మెంటు. గేర్‌బాక్సు దగ్గర రెండు లీవర్లూ న్యూట్రల్‌లో పెట్టి, కాలమ్ కింద రెండు లీవర్ల రంధ్రాలు ఒకే వరసలోకి తెచ్చి, అందులో సరిగ్గా పట్టే డ్రిల్ బిట్ దూర్చి, అప్పుడు రాడ్ల నట్లు బిగించాలి. బిట్ తీయడం మాత్రం మరిచిపోకండి.

ఇప్పుడు రెండు వేళ్లతో సెకండ్ పడుతోంది! పైన గేరు రాడ్డు మొదట్లో ఉన్న పిన్ను కూడా కాస్త అరిగింది, దాన్ని వచ్చే శనివారం విప్పుతాను. మీలో ఎవరికైనా ఈ వ్యాన్ ఉంటే, నేల కోయించే ముందు దయచేసి నాకో మెసేజ్ పెట్టండి, బుష్ కొలతలు రాసి పెట్టుకున్నాను.