రోజుకో రీల్ పెడితే పచ్చడి ఎవరు పెడతారు?

"రోజుకో వీడియో పడకపోతే జనం మర్చిపోతారు." చిన్న వ్యాపారం చేసే ప్రతివాళ్లకీ ఈ మధ్య ఎవరో ఒకరు ఈ మాట చెప్పి వెళ్తున్నారు. చెప్పేవాళ్లలో చాలామందికి వీడియోలే వ్యాపారం. నాకేమో పచ్చళ్లు వ్యాపారం. ఈ తేడా చెబితే వినే నాథుడు లేడు.

వీడియోలు దండగ అని నేననను. గోదావరి ఒడ్డున నేను పెట్టిన ఆవకాయ పుణేలో ఒకావిడ కొంటోందంటే అది ఫోన్ పుణ్యమే. 2020లో టిక్‌టాక్ పోయి రీల్స్, షార్ట్స్ వచ్చాక, పేపర్లో ప్రకటన ఇచ్చే స్తోమత లేనివాళ్లు కూడా నలుగురికీ తెలిశారు. కాదనడానికి లేదు. కానీ దాన్ని "ఫ్రీ పబ్లిసిటీ" అంటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. ఒక నిమిషం వీడియోకి సగం రోజు పోతుంది. తీయాలి, కత్తిరించాలి, మాటలు చేర్చాలి, కింద వచ్చే ప్రశ్నలకి జవాబులు రాయాలి. పచ్చడి రేటు కట్టేటప్పుడు నూనె, కారం, సీసా, అట్టపెట్టె, కూలీ అన్నీ రాసుకుంటాం. ఈ సగం రోజు మాత్రం ఏ లెక్కలోకీ రాదు. ఎందుకంటే చేసేది ఇంటి ఆడది, రాత్రి పదింటికి.

ఆవకాయ రోజులు చూసినవాళ్లకి నా బాధ తెలుస్తుంది. కాయ మెత్తబడితే ముక్క నిలవదు కాబట్టి దింపిన కాయని వెంటనే కొట్టించాలి. కడిగి, తుడిచి, ఆరబెట్టి, టెంకతో సహా కత్తిపీట మీద కొట్టాక ఒక్కో ముక్కలోంచి జీడి తీసి, టెంక లోపల అంటుకున్న కాగితంలాంటి పొర గీకి, పొడిగుడ్డతో తుడవాలి. తడి తగిలిందా, ఏడాది సరుకు బూజు పాలు. ఆ తర్వాత చేతులనిండా ఆవపిండి, కారం, నూనె. ఆ చేత్తో ఫోన్ ఎలా పట్టుకోను? పట్టుకుంటే, అదే చెయ్యి మళ్లీ జాడీలో ఎలా పెట్టను? ఊరంతా తిరిగొచ్చిన ఫోన్ అది. పట్టుచీర కట్టుకుని, గాజులు గలగలలాడిస్తూ బేసిన్‌లో చెయ్యి పెట్టి కలిపే రీల్స్ చూస్తే అందరికీ నోరూరుతుందేమో. నాకు మాత్రం ముందు ఆ గాజుల కింద చెమటే గుర్తొస్తుంది.

మా అక్క కొడుకు నా వీడియోల సలహాదారు. మొన్న వేసవిలో వచ్చి, "పిన్నీ, పొద్దున్నే కొట్టిస్తే లైటింగ్ రావట్లేదు. పదకొండింటికి పెట్టుకుందాం, ఎండ బాగా పడుతుంది" అన్నాడు. "నీ లైటింగ్ కోసం కాయ వడిలిపోవాలిరా?" అన్నాను. వాడికి కోపమొచ్చి మధ్యాహ్నం భోజనానికి కూడా కూర్చోలేదు. వాడి తప్పేం లేదు. వాడికి నేర్పినవాళ్లు అలా నేర్పారు. ఆవకాయ కలిపిన మూడో రోజు జాడీ మూత తీసి, తిరగ కలిపి, ఉప్పు చూడాలి. ఆ మూడో రోజుకి ఆదివారమా, ఎక్కువమంది చూసే టైమా అన్న పట్టింపు ఉండదు.

ఇక వైరల్ సంగతి. అందరూ వైరల్ అవ్వాలని దేవుడికి మొక్కుకుంటారు గానీ, అయ్యాక ఏమవుతుందో ఎవరూ చెప్పరు. ఆగస్టులో ఆవకాయ వీడియో ఒకటి లక్షలమంది చూశారనుకోండి. ఆర్డర్లు వెల్లువలా వస్తాయి. టెంక కట్టిన పుల్లటి కాయ అప్పుడెక్కడిది? ఉన్న జాడీలు నాలుగు రోజుల్లో ఖాళీ. అప్పుడు రెండే దారులు. అయిపోయింది, వచ్చే వేసవికి రండి అని నిజం చెప్పి, తిట్లు తినడం. లేదా ఎవరో పెట్టిన పచ్చడి డబ్బాల లెక్కన కొని, మన సీసాల్లో నింపి, మన లేబుల్ అంటించడం. రెండో దారి పట్టినవాళ్లని చూశాను, పేర్లెందుకు. వాళ్ల ఛానల్‌లో ఇప్పటికీ "మా అమ్మమ్మ చేతి రుచి" అనే రాసుంది. అమ్మమ్మ ఎవరి అమ్మమ్మో మరి.

కెమెరా ముందు కనపడని పని ఎంతుంటుందో 2025 గుర్తుచేసుకుంటే చాలు. ఆగస్టు 29 నుంచి అమెరికా 800 డాలర్ల లోపు పార్సిళ్లకి ఉన్న సుంకం మినహాయింపు తీసేసింది. దానికి నాలుగు రోజుల ముందే మన తపాలా శాఖ అమెరికా పార్సిళ్లు చాలావరకు ఆపేసింది. డాలస్‌లో ఉన్న పిల్లలు, "ఆంటీ, దసరాకి అందుతుందా?" అని ఒకటే మెసేజ్‌లు. అది తేలకముందే సెప్టెంబర్ 22న, నవరాత్రుల మొదటి రోజునే, పచ్చళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. తగ్గడం సంతోషమే. కానీ బిల్లింగులో రేట్లు మార్చాలి, పాత సరుకు ధరలు మళ్లీ కట్టాలి, ఆడిటర్ దగ్గరికి తిరగాలి. సరిగ్గా ఆ వారమే రోజుకో వీడియో పెట్టమనే సలహాల పెద్దమనిషి ఒకాయన మెసేజ్ పెట్టాడు: "మేడమ్, మీ రీచ్ (చూసేవాళ్ల లెక్క) పడిపోతోంది, యాక్టివ్‌గా ఉండండి." నేను యాక్టివ్‌గా లేనట!

"యూట్యూబ్‌లో డబ్బులొస్తాయి కదా" అనేవాళ్లకి ఒక మాట. పొడుగు వీడియోల మీద ప్రకటనల డబ్బులో వాటా రావాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి. ఆ గంటల కోసం వంటలు, ఊళ్లు, ఇంట్లో గొడవలు అన్నీ చూపించుకుంటూ పోతే చివరికి చూసే జనం ఉంటారు, పచ్చడి కొనే జనం ఉండరు. నా సీసా కొనేవాళ్లలో చాలామంది లైక్ కూడా కొట్టరు. "గోంగూర రెండు కేజీలు, పాత అడ్రసే" అని వాట్సాప్‌లో ఒక ముక్క పెడతారు, అంతే. నా ఇల్లు నడిపేది వాళ్లు.

అందుకే మా ఇంట్లో ఇప్పుడు పద్ధతి మారింది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా పని జరిగే గదిలోకి ఫోన్ రాదు. గుమ్మం దగ్గర స్టాండుకి పెట్టి ఒక పూట వదిలేస్తాం. ఏది పడితే అది పడుతుంది. నా వీపు పడినా సరే. సినిమా పాటలు కూడా పెట్టం. వ్యాపార ఖాతాలకి అవి చాలావరకు దొరకవు, దొరికినా హక్కుల గొడవ. కత్తిపీట చప్పుడు చాలు. వానాకాలం వచ్చి పని పలచబడ్డాక కూర్చుని, ఉన్నవాటినే కత్తిరించి వారానికి ఒకటి వదులుతాం. మెసేజ్‌లకి జవాబు పొద్దున ఒకసారి, సాయంత్రం కొరియర్ అబ్బాయి వెళ్లాక ఒకసారి. మధ్యలో మా ఆయన అడిగినా చెప్పను. దీనివల్ల చూసేవాళ్లు తగ్గారు, నిజమే. సరుకు మాత్రం మిగలడం లేదు.

ఇంకొకటి, "రేటు ఇన్‌బాక్స్‌లో చెబుతాం" అనే రోగం. దానివల్ల కామెంట్లు పెరిగి వీడియో పైకి వెళ్తుందని ఎవరో చెప్పారట. రేటు దాచేది బంగారమా, పచ్చడేగా? నేను వీడియో మీదే పెద్దక్షరాలతో రాసేస్తున్నాను. రోజూ వచ్చే "ప్రైస్ ప్లీజ్" మెసేజ్‌లు బాగా తగ్గాయి. ఆ టైమ్‌లో ఇంకో పది సీసాలు ప్యాక్ అవుతున్నాయి.

ఆవకాయ అడుగుతున్నవాళ్లకి: అయిపోయింది, మళ్లీ వేసవికే. గోంగూర, ఉసిరి ఉన్నాయి, మాగాయ కొంచెం ఉంది. రేటు వీడియో మీద రాసే ఉంది, మళ్లీ అడగకండి తల్లీ.