రావు గారి ఫైలు వాపసు

మా యూనివర్సిటీలో ప్రమోషన్ దరఖాస్తులు వడపోసే కమిటీలో నేను మూడేళ్లుగా సభ్యుణ్ణి. లెక్కల మేష్టారిని కాబట్టి మార్కులు కూడే పని నాకు అప్పగించారు. ఆ హోదాలో, ఎవరూ అడక్కపోయినా, ఓ పాత కేసు తీసి పరిశీలించాను. అభ్యర్థి స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావు గారు, అంటే సి.ఆర్. రావు. గొప్పవారని అందరూ అంటారు. అంటే సరిపోదు, ప్రూఫ్ జతచేయాలి.

ముందుగా మన వ్యవస్థ గర్వపడాల్సిన విషయం ఒకటి. 1940లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కల ఎమ్మే ఫస్టు ర్యాంకులో పాసైన ఈయన రీసెర్చి స్కాలర్‌షిప్పుకి దరఖాస్తు పెడితే, గడువు దాటిందని తిప్పి కొట్టారు. భేష్. ర్యాంకులదేముంది, ఏటా ఎవరికో ఒకరికి వస్తూనే ఉంటాయి. గడువు ఒకసారి దాటితే మళ్లీ వస్తుందా?

ఇక్కడ పని కాక, సైన్యం సర్వే విభాగంలో ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లారు. మరీ చిన్నవాడివన్నారు. బస చేసిన హోటల్లో ఒకాయన, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ అని ఒకటుందని చెబితే, వెళ్లి చూసి 1941 జనవరిలో అందులో చేరిపోయారు. కెరీర్ ప్లానింగ్ మొత్తం ఇంతే. మా ఫారంలో స్వల్పకాలిక లక్ష్యాలకొక గడి, దీర్ఘకాలిక లక్ష్యాలకొక గడి ఉన్నాయి. ‘హోటల్లో ఒకాయన చెప్పారు’ అన్నది రెండింట్లోనూ పట్టలేదు.

ఇక పరిశోధన. 1944లో క్లాసులో ఇంగ్లండు స్టాటిస్టిక్స్ దిగ్గజం ఫిషర్ సిద్ధాంతం చెబుతున్నారు. శాంపిల్ బాగా పెద్దదైతే మన అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదన్నది విషయం. దండేకర్ అనే విద్యార్థి లేచి, మరి చిన్న శాంపిల్‌కి కూడా ఇలాంటి హద్దేదైనా ఉంటుందా అని అడిగాడు. సిలబస్‌లో లేని ప్రశ్న. అనుభవం ఉన్న మేష్టారు ఎవరైనా ‘పరీక్షకు రాదు, కూర్చో’ అంటారు. ఈయన ఇంటికెళ్లి, రాత్రంతా కూర్చుని జవాబు తేల్చి, మర్నాడు క్లాసులో చెప్పేశారు. ఒక పక్కకు ఒరగకుండా అంచనా కట్టాలంటే, ఎంతటి మొనగాడైనా తేడాను ఇంతకంటే తగ్గించలేడు అనే ఆ హద్దును ఇప్పుడు ప్రపంచమంతా క్రామర్-రావు హద్దు అంటోంది. కమిటీ అభ్యంతరం ఒక్కటే. ఆ రాత్రి పనికి బయోమెట్రిక్ హాజరు లేదు.

1945లో ఇది పేపరుగా వచ్చింది, కలకత్తా గణిత సంఘం బులెటిన్‌లో, మొత్తం కలిపి 11 పేజీలు. ఆ హద్దుతో పాటు, మోటు అంచనాకు మెరుగుపెట్టే దారి చెప్పే రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతమూ అందులోనే ఉంది. సంభావ్యతల లెక్కల్ని జామెట్రీ కళ్లతో చూసే ఇన్ఫర్మేషన్ జామెట్రీ అనే శాఖకి విత్తనమూ అందులోనే పడింది. అయ్యా, ఇదేనండీ ఆయన చేసిన ఘోరం! 2018 యూజీసీ నిబంధనల ప్రకారం సైన్సు పేపరుకి 8 మార్కులు. మూడు సంగతులు మూడు పేపర్లుగా రాస్తే 24. మా డిపార్టుమెంటులో నిన్న చేరిన కుర్రాడు కూడా సంగతి ఒకటే ఉన్నా ముందు ఓ పేపరు రాస్తాడు, తర్వాత ‘మరికొన్ని వ్యాఖ్యలు’ అని ఇంకోటి, ‘ఆ వ్యాఖ్యలపై ఒక గమనిక’ అని మూడోది. గరిటెడు పిండితో ఇంటిల్లిపాదికీ దోసెలు పొయ్యడం ఒక విద్య.

పైగా ఒక్కరే రాశారు. జతగాణ్ణి పెట్టుకోవచ్చుగా? ఇద్దరు కలిసి రాస్తే నిబంధన ప్రకారం చెరో 70 శాతం. అంటే ఒకటిని రెండుగా పంచితే 140 శాతం వస్తుంది. ఈ ఫలితం రావు గారి పేపర్లన్నీ వెతికినా దొరకదు. మా ఆఫీసులో గోడకి అంటించి ఉంది.

తర్వాత కేంబ్రిడ్జి పంపితే అక్కడ మ్యూజియంలో సూడాన్ నుంచి వచ్చిన పాత ఎముకల కొలతలతో కుస్తీ పట్టి, ఫిషర్ దగ్గర 1948లో పీహెచ్‌డీ తెచ్చుకున్నారు. లెక్కల మనిషికి ఎముకలతో ఏం పని? ‘సంబంధిత సబ్జెక్టు కాదు’ అని రాసుకున్నాను. ముప్ఫై నిండకుండానే ప్రొఫెసరయ్యారు, పదేళ్ల అనుభవం చూపలేదు. ఆ నియామకం మీద ఎవరూ కోర్టుకెళ్లకపోవడం ఆశ్చర్యం.

ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసిన వరదన్ గారికి 2007లో ఏబెల్ బహుమతి, లెక్కల్లో నోబెల్ లాంటిది, వచ్చింది. మంచిదే. గైడుకి మాత్రం పీహెచ్‌డీకి 10 మార్కులే, శిష్యుడు వరదనైనా వేరొకరైనా. రిటైరయ్యాక పెన్షన్ పేపర్లు తప్ప ఇంకే పేపర్లూ రాయకూడదన్న మన సంప్రదాయాన్ని కూడా ఈయన పాటించలేదు. అమెరికా వెళ్లి మళ్లీ మొదలెట్టారు. 2023లో, 102 ఏళ్ల వయసులో, స్టాటిస్టిక్స్‌లో అంతర్జాతీయ బహుమతి ఇచ్చారు. దేనికని చూస్తే, ఆ 1945 పేపరుకి! పేపరు వచ్చిన 78 ఏళ్లకి. అసెస్‌మెంట్ పీరియడ్ ఎప్పుడో దాటింది.

తల్లి లక్ష్మీకాంతమ్మ గారు రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేపి, నూనె దీపం వెలిగించి చదువుకు కూర్చోబెట్టేవారని ఒక పుస్తకం అంకితంలో రాసుకున్నారు. చదివి కాసేపు ఊరుకున్నాను. నూనె బిల్లులు జతచేయలేదు.

నా సంగతీ చెప్పాలి, నిష్పాక్షికత కోసం. మొన్నామధ్య హైదరాబాదులో ఓ జాతీయ సెమినార్‌లో పేపరు చదివాను. హాల్లో ఏడుగురు, అందులో ఒకాయన మైకు మనిషి. దానికి 3 మార్కులు, కానీ తీసిన చోటు, టైమ్ కింద అచ్చయ్యే జియోట్యాగ్ ఫోటో ఉండాలి. ఆ టెన్షన్‌లో ఫోటో సంగతే మరిచిపోయి, తిరుగు దారిలో గచ్చిబౌలి దగ్గర ఆటో ఆపించి, రోడ్డు పక్కన ఫైలు పట్టుకుని నిలబడి తీయించుకున్నాను. ఆటో అబ్బాయి బాగానే తీశాడు.

మా సూపరింటెండెంట్ గారు ఫోటో కింద అడ్రసు వేలు పెట్టి చదివారు. “ప్రొఫెసర్ సి.ఆర్. రావు రోడ్డు. తేదీ ఉంది, టైమ్ ఉంది. చాలు సార్, చెల్లుతుంది.” ముద్ర వేసి, అడిగారు.

“ఇంతకీ ఈయనెవరు సార్, పాత కార్పొరేటరా?”

“కాదండీ, లెక్కల మేష్టారు.”

“మరి ఆయన ఫైలు మన దగ్గరకి రాలేదా?”

“వచ్చింది. వాపసు పంపుతున్నాం.”